కాగితమంత ఎముక

నలభై నిమిషాలు అంది డాక్టరమ్మ. అనేసి ఆపరేషన్ థియేటర్ తలుపు తోసుకుని లోపలికి వెళ్లిపోయింది. అంబదాసు గోడ గడియారం వంక చూశాడు. ఒంటిగంటా పది. అంటే రెండుకి పది నిమిషాలు తక్కువకి లాబ్ నుంచి కబురొస్తుంది, ఆలోపల తను చెప్పాలి, తియ్యమనో, వద్దనో. ముక్కులో గడ్డ చాలావరకు బయటికి వచ్చేసింది అంది, ముఖం మీద ఎక్కడా గాటు పెట్టలేదు, అంతా ముక్కులోంచే, కెమెరాతోనే అంది. కానీ తరువాత ఇంకో మాట అంది. ఎడమ వైపు గడ్డ కంటి చుట్టూ ఉండే పొరను అంటుకుని ఉందట. ఆ పొరలోంచి చిన్న ముక్క కోసి లాబ్‌కి పంపారట. రోగం ఆ పొర దగ్గరే ఆగి ఉంటే పొర ఒక్కటి తీసి కన్ను ఉంచుతారు, పొర దాటి లోపలి కొవ్వులోకి పోయి ఉంటే కన్ను కూడా తీయాలి, కన్ను ఉంచితే రోగాన్ని లోపల ఉంచి కుట్టేసినట్టే. "నిన్న ఆయన కాగితం మీద మీ పేరే రాయించారు కదా, మా తమ్ముడు ఏం చెబితే అదే అని. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను" అంది. ఔను, రాయించాడు. నిన్న సాయంత్రం అందరి ముందూ నవ్వుతూ, "నేను మత్తుల ఉంట గదమ్మా, నన్నేం అడుగుతరు, మా అంబదాసును అడుగుండ్రి, వాని మాటే నా మాట" అన్నాడు అన్న. ఈ పొద్దున స్ట్రెచర్ మీద తీసుకుపోయేటప్పుడు అదే అన్న చెయ్యి పట్టి కిందికి వంచి, చెవిలో, వదినకు వినబడకుండా చెప్పిన మాట మాత్రం ఏ కాగితం మీదా లేదు. "కన్ను తియ్యనియ్యకు. గడ్డ ఉంటే ఉండనీ. ఒంటికన్ను వడ్లోనికి తలుపు ఎవడిస్తడురా."

వడ్లపని తప్ప, ఈ వడ్రంగం తప్ప అన్నకి ఇంకో పని తెలియదు, తనకీ తెలియదు. బోథ్ బస్టాండు వెనక రేకుల షెడ్డు, బాపు పెట్టినది, బాపు పోయాక ఇద్దరిదీ. బాపు కిన్వట్ వైపు నుంచి వచ్చినవాడు, పని నేర్పేటప్పుడు తెలుగు మరచిపోయి మరాఠీలో "హళూ, హళూ" అనేవాడు, మెల్లగా, మెల్లగా అని, చిత్రిక పట్టే రంద తోసే చేతి మీద చెయ్యి వేసి. ఆ చెయ్యి ఎక్కువగా అన్న చేతి మీదే ఉండేది. అన్నది పనితనం, తనది మాట. కొలతలు తీసేదీ, బేరం కుదిర్చేదీ, ఉట్నూర్ నుంచి, ఇచ్చోడ నుంచి వచ్చినవాళ్లకి చాయ్ తెప్పించేదీ తను. వెనక గదిలో చెక్కని అద్దంలా చేసేది అన్న. దర్వాజా నున్నగా రావాలంటే మిషన్ పట్టాక మళ్లీ గరుకు కాగితంతో చేత్తో రుద్దాలి, ముతక కాగితం, తరువాత సన్నది, తరువాత ఇంకా సన్నది, కాగితం సన్నబడేకొద్దీ పొడి కూడా సన్నబడేది, చివరికి అది పొడి కాదు, పొగ. ఎండ ఏటవాలుగా పడే వేళ చూస్తే అన్న ఆ పొగలో మెడదాకా మునిగి ఉండేవాడు, కనుబొమ్మలు పసుప్పచ్చగా, ముక్కు రంధ్రాల చుట్టూ టేకు రంగు. తుమ్మేవాడు. నవ్వేవాడు. "టేకు ముక్కుల పోతే దోమ కుట్టదు" అనేవాడు. ముప్పై ఎనిమిదేళ్లు ఆ పొగలోనే.

"ఏమన్నది డాక్టరమ్మ? గట్ల నిలవడ్డవేంది?" అంది బాలలక్ష్మి వదిన. బాత్రూమ్‌కి వెళ్లి అప్పుడే వచ్చింది, ముఖం మీద నీళ్లు ఇంకా ఆరలేదు. ఇంకా అయితలేదు వదినా, జర టైమ్ పడ్తదట, అన్నాడు. ఎందుకలా అన్నాడో తనకే తెలియదు. ఆమె అతని ముఖం వంక చూసి కుర్చీలో కూర్చుంది. టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుంది, పొద్దున్నుంచి అది మూత తీయలేదు. అంబదాసు కిటికీ దగ్గరికి నడిచాడు. కింద రోడ్డు మీద లారీలో గ్రానైట్ బండ పోతోంది, ఒక్కటే బండ, చిన్న ఇల్లంత, ఇనుప గొలుసులతో కట్టి. అంత బరువును ఆ గొలుసులు ఎట్లా ఆపుతున్నాయో. పుర్రెలో ముక్కుకీ మెదడుకీ మధ్య ఉండే ఎముక ఎంత పలుచనో డాక్టరమ్మ మొదటి రోజే చెప్పింది. ముక్కుకీ కంటికీ మధ్యది ఇంకా పలుచన, కాగితమంత ఉంటుంది అంది. కాగితమంత అనగానే తనకి రంద కింద నుంచి చుట్టలు చుట్టుకుంటూ లేచే పొట్టు గుర్తొచ్చింది, వెలుతురుకి అడ్డం పెడితే అవతలి వేలు కనబడే పొట్టు. మనిషి తలలో అంత పలుచటి పలకలు పెట్టి అవతల కన్ను, పైన మెదడు పెట్టిన ఆ వడ్లవాడెవడో అనిపించింది, వెంటనే పాపం చుట్టుకుంటుందేమో అని భయం వేసింది.

మొదట వాసన పోయింది. అది పోయినట్టు ఎవరికీ తెలియలేదు, అన్నకి కూడా. అన్న ముక్కు అంటే చుట్టుపక్కల ఊళ్లలో పేరు, చెక్క చివర చెక్కి వాసన చూసి ఇది ఏ వైపు అడవిదో, పాత మానుదో పడుచు మానుదో చెప్పేవాడు, ఎవరైనా వేరే కర్రకి రంగు పూసి టేకని తెస్తే దించనిచ్చేవాడు కాదు, గుమ్మంలోనే తిప్పి పంపేవాడు. రెండేళ్ల కింద ఒకనాడు వదిన పొయ్యి మీద పప్పు పెట్టి బోరింగు దగ్గరికి పోయింది. వచ్చేసరికి ఇల్లంతా పొగ, గిన్నె అడుగు నల్లగా, అన్న ఆ పొగలోనే మంచం మీద కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. వదిన ఆ రోజు ఎంత తిట్టిందో! ముక్కున్నదా లేదా నీకు, అంది. ఆ మాటకి అందరూ నవ్వారు. తనూ నవ్వాడు. తరువాత ఎడమ ముక్కు మూసుకుంది, జలుబన్నారు. అప్పుడప్పుడు రుమాలులో రక్తం చార, వేడి చేసిందన్నారు. సబ్జా గింజలు నానబెట్టి తాగించారు, చుక్కల మందు వేయించారు. ఒక్క వైపే ఎందుకు మూసుకుంది అని ఎవరూ అడగలేదు. డాక్టరమ్మ మాత్రం మొదటి మాటగా అదే అడిగింది. ఎన్నాళ్ల నుంచి, ఒక్క వైపేనా, అని. ఎన్నాళ్ల నుంచో అన్నకి తెలియలేదు, వదిన వేళ్ల మీద నెలలు లెక్కపెడుతూ మధ్యలో ఆగిపోయింది.

తను మాత్రం చూశాడు. చూసి ఊరుకున్నాడు. గత చలికాలం అన్న ఏదో కార్డు కోసం ఫోటో దిగడానికి వెళ్తే ఆ ఫోటో తీసేవాడు "కాకా, సీదా చూడు, ఎడమ కన్ను ముందుకొచ్చినట్టు పడుతున్నది" అన్నాడు. మూడుసార్లు తీశాడు. మూడుసార్లూ అట్లాగే పడింది. ఇంటికి వస్తుంటే అన్న బండి వెనక కూర్చుని "వాని మిషనే ఖరాబున్నది" అన్నాడు, తను ఔనన్నాడు. అద్దంలో అన్న ముఖం కనబడుతోంది. ఎడమ కన్ను నిజంగానే కొంచెం ముందుకొచ్చి, నీళ్లు కారుతూ. చూసి బండి వేగం పెంచాడు. సోయాబీన్ కోతలు అయిపోయి రైతుల చేతిలో పని లేని రోజులు, ఇళ్లు కట్టించేవాళ్లంతా ఆ నెలలోనే తలుపులకి వస్తారు, పద్నాలుగు దర్వాజాలు చేతిలో ఉన్నాయి. అవి అయ్యాక చూపిద్దాం అనుకున్నాడు. అయ్యాయి. ఇంకో ఆరు వచ్చాయి.

ఇంకోటి కూడా ఉంది, దాని దగ్గరికి పోకుండా మనసును మళ్లిద్దామని చూస్తాడు గాని అది పోదు. షెడ్డు పక్కన చిన్నపిల్లల బడి పెట్టారు. పొడి వాళ్ల అన్నం గిన్నెల్లో పడుతోందని హెడ్‌మాస్టరు వచ్చి చాలా మర్యాదగా చెప్పాడు. ఆ మర్యాదకి తనే కరిగిపోయి వెనక గదికి నాలుగు వైపులా రేకులు కొట్టించాడు, కిటికీ మూయించాడు, మిషన్ పనంతా లోపలే అన్నాడు. "గాలి ఆడదురా" అన్నాడు అన్న. "జర సర్దుకో అన్నా, ఎండాకాలంల ఊరి బయట కొత్త షెడ్డు వేద్దాం" అన్నాడు తను. ఏ ఎండాకాలమో చెప్పలేదు. నాలుగు ఎండాకాలాలు పోయాయి. ఇది డాక్టరమ్మకి చెప్పాడు కూడా, ఒక్కడే ఉన్నప్పుడు, గొంతు తగ్గించి. ఆమె తల అడ్డంగా ఊపింది. "ఇది నిన్న మొన్నటిది కాదు, ఇరవై ముప్పై ఏళ్ల పొడి. మీరు రేకులు కొట్టించినందుకు రాలేదు" అంది. ఆమె చదువుకున్నది. ఆమె మాట నిజమే అయి ఉంటుంది. కానీ ఆ గదిలో మధ్యాహ్నం వేళ తలుపు తెరిస్తే ఎట్లా ఉండేదో ఆమె చూడలేదు.

థియేటర్ తలుపు తెరుచుకుంది. నీలం చీర కట్టుకున్న ఆయా ఒకామె బయటికి వచ్చి, ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని ఎవరితోనో చింతకాయ తొక్కు గురించి మాట్లాడుతూ పోతోంది. ఆమె చేతిలో చిన్న ప్లాస్టిక్ డబ్బా, దాని మీద అంటించిన కాగితం. అన్న పేరు, రాంచందర్‌లో మొదటి అక్షరాలు కనబడ్డాయి తనకి, లేక కనబడ్డాయని అనుకున్నాడో. ఇందాకటి ముక్క కాదు, అది ఎప్పుడో పోయి ఉంటుంది, ఇది ఇంకోటా? ఎన్ని ముక్కలు కోస్తున్నారు? అన్న శరీరం ఇట్లా డబ్బాల్లో వరండాలో నడుచుకుంటూ పోతోంటే ఎదురెళ్లి ఆ డబ్బా చేతిలోకి తీసుకోవాలనిపించింది, ఊరికే పట్టుకోవాలని. ఆమె మలుపు తిరిగింది. మొదటిసారి అన్న ముక్కులోకి సన్నటి గొట్టం దూర్చి, దాని చివర లైటు వెలిగించి డాక్టరమ్మ టీవీలో చూపించినప్పుడు తను పక్కనే నిలబడి ఉన్నాడు. ఎర్రటి తడి గుహ, గోడలు ఊపిరికి కదులుతూ. ఇంకా పైకి, ఇంకా పైకి పోతే, వానకి నానిన మొద్దుకి పట్టిన పుట్టగొడుగులా బూడిద రంగు ముద్ద. గొట్టం తగలగానే రక్తం చిమ్మి టీవీ అంతా ఎర్రనైపోయింది. అన్న కుర్చీలో గట్టిగా కళ్లు మూసుకుని ఉన్నాడు, అది చూడలేదు. చూసింది తనే. వాసన ఇక రాదు, వాసన పట్టే నరాలు ఆ పైకప్పులోనే ఉంటాయి, వాటిని తీసేయాలి అని డాక్టరమ్మ అంటే, "అది ఎప్పుడో పోయిందమ్మా, ఇంక దాని ఫికర్ ఏంది" అన్నాడు అన్న.

అంబదాసు చూపుడు వేలితో తన కుడి ముక్కు మూసుకుని పీల్చి చూశాడు. తరువాత ఎడమది మూసుకుని పీల్చాడు. కుడి వైపు గాలి కొంచెం తక్కువ వస్తోందా? ఎప్పుడూ ఇంతేనా? ముప్పై ఏళ్లుగా ఆ పొడి ఈ ముక్కుతోనే పీలుస్తున్నాడు, ఎంత గాలి వస్తుందో ఎన్నడన్నా కొలిచాడా? మళ్లీ చూశాడు. ఫినాయిల్ వాసన వచ్చింది. వచ్చినందుకు సంతోషించాడు, ఆ సంతోషానికి సిగ్గుపడ్డాడు. లోపల అన్న ఉన్నాడు. గడియారంలో ఒకటిన్నర దాటింది. అన్న ఎడమ కన్ను మూసి కుడి కంటితోనే కదా చెక్క వంపు చూసేది, బాపు నేర్పింది అట్లాగే, పోతే పోయేది మూసే కన్నే కదా అని ఒక ఆలోచన వచ్చింది. వచ్చాక దాన్ని ఎట్లా తరమాలో తెలియలేదు. ఒక కన్ను మూసుకోవడం వేరు. అక్కడ కన్నే లేకపోవడం వేరు. తీశాక అక్కడ ఏముంటుంది, గుంట, ఆ గుంటని ఏ బట్టతో కప్పుకుని అన్న పొద్దున్నే షెడ్డు తలుపు తీస్తాడు? చెయ్యి పట్టుకుని అడిగాడు. ముప్పై ఏళ్లలో అన్న తనని అడిగింది ఏముంది, అప్పుడు ఇంత గాలీ, ఇప్పుడు ఇదీ. అదివ్వలేదు. ఇదీ ఇవ్వడా? వద్దంటే కన్ను ఉంటుంది, ఆ కంటి వెనక అది కూడా ఉంటుంది, రోజూ కొంచెం, రేకుల గదిలో పొడి పేరుకున్నట్టు, ఎవరికీ చప్పుడు వినబడకుండా. ఏడాదో, రెండేళ్లో. అప్పుడు రెండు కళ్లతో చూస్తూ పోతాడు.

"అంబదాసూ" అంది వదిన. తల ఎత్తలేదు. "పొద్దున నీ చెవుల ఏం చెప్పిండో నాకెరుకనే."

అతను వచ్చి ఆమె పక్క కుర్చీలో కూర్చున్నాడు.

"నాకు మొన్ననే చెప్పిండు. బస్సుల. జగిత్యాల దాటినంక. నేను ఏడుస్తుంటే ఊకో అని, మల్ల గదే మాట." డబ్బా మూత మీద వేలితో గీతలు గీస్తోంది. "గిప్పుడు కన్ను కాడికే వచ్చిందా?"

ఔనన్నాడు. అంతా చెప్పాడు, పొర, ముక్క, నలభై నిమిషాలు. చెబుతుంటే అది ఇందాక డాక్టరమ్మ నోట్లో ఉన్నంత భయంగా లేదు, ఇంకా ఎక్కువ భయంగా ఉంది, ఎందుకంటే ఇప్పుడు తన గొంతులో ఉంది.

"తియ్యమను" అంది వదిన.

"వద్దన్నడు గదా వదినా."

"అనుడు ఆయనది. ఉంచుకునుడు నాది." ఇప్పుడు తల ఎత్తింది. కళ్లు పొడిగా ఉన్నాయి. "పనికి పోకుంటే నేను తిట్టనా, అన్నం పెట్టనా? ఆయన ముఖం ఎట్లున్నా చూసేది నేను గదా. కానీ నేను చెప్తే చెల్లది. కాగితంల నీ పేరున్నది. లేచి నీ మీద పడ్తే నా మీద వేయి, బాలలక్ష్మి చెప్పమంటే చెప్పిన అను."

అట్లా అనలేనని అతనికి తెలుసు. ఆమెకీ తెలుసు కాబోలు. అతను లేచి తలుపు దగ్గరికి వెళ్లి బెల్లు నొక్కాడు. సిస్టర్ వచ్చింది. చెప్పాడు. ఎంత చిన్న మాట, లోపల అరగంట నుంచి తిరుగుతున్నది నోట్లోంచి వచ్చేసరికి మూడు ముక్కలు. ఆమె లోపలికి పోయి ఫైలు తెచ్చింది, నిన్నటి కాగితం మీదే కింద తెలుగులో రాయమంది. అవసరమైతే మా అన్న రాంచందర్ ఎడమ కన్ను తీయడానికి ఒప్పుకుంటున్నాను. దర్వాజాల కొలతలు రాసే చెయ్యి ఎడమ అనే మాట దగ్గర ఆగింది. ఎడమేనా? ఔను ఎడమే. సంతకం పెట్టాడు. పెట్టాక పైన అన్న వేలిముద్రలాంటి సంతకం కనబడింది, నిన్నటిది, మా తమ్ముని మాటే నా మాట. సిస్టర్ ఫైలు మూసి తీసుకుపోయింది. ఒంటిగంటా నలభై రెండు. ఇంక చేసేది ఏమీ లేదు. ఇంతకుముందు కన్ను తీస్తారా తీయరా అన్న భయం ఉండేది, ఇప్పుడు తీయమన్నవాడు తనే అన్నది కూడా దాని పక్కనే వచ్చి కూర్చుంది. రెండుకి పది నిమిషాలు తక్కువైంది. తలుపు తెరుచుకోలేదు. రెండైంది. లోపల ఏదో ఇనుప వస్తువు కింద పడిన చప్పుడు, ఎవరో అరిచినట్టు, తరువాత ఏమీ లేదు. వదిన చెయ్యి వచ్చి అతని మోచెయ్యి పట్టుకుంది. పెళ్లై వచ్చిన ఇరవై ఆరేళ్లలో ఆమె అతన్ని తాకడం అదే మొదటిసారి. రెండూ పది. తీస్తున్నారు, అనుకున్నాడు. చెప్పడానికి కూడా రాకుండా తీస్తున్నారు, కాగితం ఉంది కదా.

రెండూ పద్దెనిమిదికి డాక్టరమ్మ వచ్చింది. మాస్కు గడ్డం కిందికి లాగి ఉంది, ముక్కు మీద దాని గుర్తు ఎర్రగా పడి ఉంది. "రెండోసారి కూడా ముక్క పంపి చూశాం, అందుకే ఆలస్యమైంది" అంది. "పొర దాకే వచ్చింది. దాటలేదు. పొర తీసేశాం, కన్ను ఉంచాం." వదిన గోడకి ఆనుకుని అట్లాగే కిందికి జారి నేల మీద కూర్చుంది. డాక్టరమ్మ ఆమె పక్కన వంగి, "కానీ అప్పుడే నిశ్చింతగా ఉండకండమ్మా" అంది. మెదడు కింది పొరలో కూడా కొంత తీయాల్సి వచ్చిందట, ఆ చిల్లుకి తొడ నుంచి పొర తెచ్చి అతికించారట, ముక్కులోంచి నీళ్లలాగా ఏమన్నా కారితే వెంటనే చెప్పాలి, తరువాత రేడియేషన్ కరెంటు పెట్టాలి, ఆపైన ఏళ్ల తరబడి కెమెరా పెట్టి చూస్తూనే ఉండాలి, ఇది మళ్లీ వచ్చే రకం. అన్నీ చెప్పి లేచి, వెళ్లబోతూ ఆగింది. అంబదాసు వంక చూసింది. ముఖం వంక కాదు, చేతుల వంక, గోళ్లలో ఇరుక్కున్న పసుపురంగు వంక.

"మీదీ అదే పనా? ఎన్నేళ్ల నుంచి?"

"ముప్పై దాటినయ్ మేడం."

"ముక్కు ఎటువైపన్నా మూసుకుంటోందా? రక్తం గాని?"

లేదనబోయాడు. వేలు దానంతటదే కుడి ముక్కు మీదికి పోయింది. ఆమె ఆ వేలి వంకే చూసింది. "రేపు పొద్దున తొమ్మిదికి ఓపీకి రండి. ఒకసారి గొట్టం పెట్టి చూద్దాం" అంది. కింద కూర్చున్న వదిన తలెత్తి చూసింది, అతను ఆమె వైపు చూడలేదు.

సాయంత్రం ఆరింటికి ఒక్కరిని లోపలికి పోనిచ్చారు. నువ్వే పో, అంది వదిన. అన్న ముఖం ఉబ్బిపోయి, రెండు ముక్కుల్లో దూది కుక్కి, నోటితో ఊపిరి తీస్తున్నాడు, ఎడమ రెప్ప నల్లగా వాచి మూసుకుపోయి ఉంది. కుడి కన్ను తెరిచి తమ్ముణ్ణి పోల్చుకోవడానికి చాలాసేపు పట్టింది. సూది గుచ్చిన చెయ్యి మెల్లగా లేచి ఎడమ రెప్ప దాకా పోయింది. తాకడానికి భయపడి ఆగిపోయింది.

"ఉన్నదా?"

"ఉన్నదన్నా."

ఊపిరి తీసుకున్నాడు. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. "అడిగిన్రా నిన్ను? వద్దన్నవా?"

ఔనంటే అయిపోతుంది. ఫైలు ఎవరు చూస్తారు. అన్న కళ్లలోకి, కంటిలోకి చూశాడు, అది తడిగా, చాలా అలసటగా, ఎదురు చూస్తూ ఉంది.

"లేదన్నా. తియ్యమన్న. సంతకం గూడ పెట్టిన."

మిషన్ చప్పుడు చేస్తోంది. పక్క మంచం మీద ఎవరో దగ్గుతున్నారు. అన్న కుడి కన్ను మూసుకున్నాడు, నిద్రపోయాడేమో అనుకున్నాడు అంబదాసు. అప్పుడు ఆ చెయ్యి రెప్ప మీది నుంచి దిగి వచ్చి తన మణికట్టు పట్టుకుంది, జ్వరం ఉన్నట్టు వేడిగా.

"మంచిది" అన్నాడు అన్న, ఒక్కొక్క మాటకీ ఆగి ఊపిరి తీసుకుంటూ. "రేపు నీకైతే... నేను గూడ గదే సంతకం పెడ్త."

టైమైపోయిందంది సిస్టర్. అన్న చెయ్యి విడవలేదు.